అభ్యంతరం ఉన్నవాళ్లు మైకు దగ్గరికి రావాలి

షామీర్‌పేట్, హాస్టల్
5 ఆగస్టు 2025, మంగళవారం

అవ్వకు వందనాలు.

ఈ ఉత్తరం ఐలమ్మక్క తెచ్చి ఇస్తుంది. మా హాస్టల్ వంటగదిలో పనిచేసే అక్క. రోజూ మేడ్చల్ నుంచే బస్సులో వస్తుంది. ఇక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరు. వార్డెన్ మేడం టేబుల్ మీది ఫోన్‌లో మాట్లాడితే, మేడం టీ తాగుతూ మన మాటలకు తల ఊపుతుంటుంది. అందుకే ఉత్తరం నయం. నాది ఇంగ్లీష్ మీడియం కదా, తెలుగులో తప్పులుంటే నవ్వకు.

నాకొక గండం వచ్చింది. మా ఇంగ్లీష్ మిస్ పార్వతీదేవి గారు టెన్త్ వాళ్లందరికీ తలా ఒక వర్బ్ ఇచ్చారు. దాన్ని అట్టముక్క మీద రాసి చొక్కాకు పిన్నుతో పెట్టుకోవాలి. పెట్టుకుని ఊరుకుంటే చాలదు, ఆ పని నిజంగా చేయాలి. నెలాఖరుకు అసెంబ్లీలో నిలబడి ఎలా చేశామో చెప్పాలి. చేయకపోతే వచ్చే టర్మ్ కూడా అదే అట్టముక్క. బిందుకు 'అడ్మైర్' వచ్చింది, హాయిగా అద్దం ముందు నిలబడుతోంది. భానుతేజకు 'ఇవాపరేట్' వచ్చింది. లెక్కల పీరియడ్‌లో కనిపించడు, అడిగితే ఇంగ్లీష్ హోంవర్క్ చేస్తున్నా అంటాడు. నాకు 'రెమాన్‌స్ట్రేట్' వచ్చింది. అంటే ఎవరైనా చేస్తున్న పని మనకు నచ్చకపోతే వద్దని చెప్పడం. నాకే ఎందుకిచ్చారో తెలీదు. షేర్ ఆటోలో ఎవరైనా నా కాలి మీద కాలు పెడితే, వాళ్లు దిగేదాకా నేను ఊపిరి కూడా గట్టిగా తీయను. నీకు తెలుసుగా.

డాడీ ఫోన్ చేసి నీ పెళ్లి సంగతి చెప్పాడు. మొగులయ్య తాతతో అట. ఈ ఆదివారం నుంచి చర్చిలో పెళ్లి ప్రకటనలు చదువుతారట. నాకు సంతోషమే. చాలా సంతోషం.

అలియాబాద్‌లో ఆయన ఇంట్లో ఎన్ని గదులుంటాయి? ఊరికే అడుగుతున్నా. మన మేడ్చల్ ఇంటి తాళం తుప్పు పట్టింది కదా, అది ఇంకా వేయడానికి వస్తుందా? తాళం సంగతి కూడా ఊరికే రాశాను. పెళ్లయ్యాక నా ఔటింగ్ ఆదివారాలు పేట్ బషీరాబాద్‌లో డాడీ వాళ్ల దగ్గరే అట. అక్కడ నేను టీవీ కింద పడుకుంటాను. పర్లేదు, మంచి టీవీయే.

నీ పాత ఆకుపచ్చ చీర నా దిండు కింద భద్రంగా ఉంది. బిందుకు దుప్పటి అని చెప్పాను. ఆ వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదని ఎవరికీ చెప్పకు.

నువ్వు ఎప్పుడైనా రెమాన్‌స్ట్రేట్ చేసి ఉంటే ఒక ఉదాహరణ రాయి.

చదవగానే చింపెయ్యి,
జాస్మిన్


మేడ్చల్
7 ఆగస్టు

నా బంగారు బిడ్డకు అవ్వ ముద్దులు.

నీ ఉత్తరం చింపలే. సీరెల మడతల పెట్టిన. నవ్వలే గూడ. మీ నాయిన తెలుగు మీడియంల సదివి నాకు ఒక్క ఉత్తరం రాయలే, నువ్వు రాసినవ్.

ఉదాహరణ అడిగినవ్ గదా. మన గల్లీకి నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడల్ల వాడు మన వాకిట్లనే హారన్ కొడుతుండె. ఒకనాడు స్టూల్ ఏసుకొని వాని ట్యాంకర్ కిటికీ కాడికి ఎక్కిన. "ఏందిరా నాయినా, నీకు చెవులు లేకుంటే మాకు గూడ లేవనుకున్నవా?" అని అడిగిన. ఇప్పుడు మన గల్లీ మలుపు కాడ ఇంజన్ బందు జేసి, ఇద్దరు మనుషులతోని ట్యాంకర్ నెట్టిచ్చుకుంట వస్తడు. గిది నీ వర్బేనా? కొట్లాడుడుకు దీనికి ఏం ఫరక్?

మొగులయ్య సంగతి మీ నాయిన ఎట్ల జెప్పిండో ఏమో, నేను జెప్త విను. చర్చిల మైక్ సెట్ సూసుకునే ఆయననే. ఆర్టీసీల మెకానిక్ జేసి రిటైరయిండు. మన ఇంటికి స్విచ్చు బాగుజేయ వచ్చిండు. మిక్సీ బాగుజేయ వచ్చిండు. చెడిపోని కుక్కర్ బాగుజేయ గూడ వచ్చిండు. ఇగ నేనే అన్న, "ఏమయ్యా, మా ఇంట్ల చెడిపోయెటియి ఒడిసినయి. పెండ్లన్న జేసుకుందమా?" అని. ఆయన చేతిలకెల్లి స్క్రూడ్రైవర్ కిందవడ్డది.

అలియాబాద్ ఇంట్ల మూడు గదులు, ముందట స్టీల్ రేలింగ్ ఉన్నది. ఆస్తులు అడుగుతున్నవా పిల్లా? నీకెందుకే గవన్ని. మన తాళం తుప్పు పట్టింది నిజమే. మొగులయ్య నూనె పోసిండు, ఇప్పుడు మంచిగ తిరుగుతాంది. పరేషాన్ గాకు.

మీ నాయిన మొన్న వచ్చి వంకాయ కూర మల్ల మల్ల ఏసుకొని తిన్నడు. పెండ్లి గురించి నా మొఖం మీద ఒక్క మాట అనలే. బయటికి పోయి గల్లీల దొరికినోళ్లందరితోని అన్నడు. దీనికి వేరే వర్బ్ ఉంటదా?

ఇంకోటి. మన తాన మూడు ఆదివారాలు ప్రకటన సదువాలె గదా. అయ్యగారు "ఎవరికైనా ఆటంకము తెలిసిన యెడల తెలియజేయవలెను" అంటడు, ఊపిరి తీయకుంటనే "ఇది మొదటి ప్రకటన" అంటడు. లేసి నిలవడెటందుకు మనిషికి సందే ఉండదు. నా పెండ్లికి గట్ల నడువదు, సందు ఇడువాలె అని పోయి చెప్పిన. పాపం, పాస్టరు గదా, అయినా భయపడ్డడు.

మంచిగ తిను,
అవ్వ


షామీర్‌పేట్
11 ఆగస్టు, సోమవారం

అవ్వకు వందనాలు.

కొట్లాట కాదు అవ్వా. అలిగి అన్నం మానేయడం కూడా కాదు. డిక్షనరీ ప్రకారం, ఎందుకు వద్దో కారణం చెప్పాలి. ఆ పని చేస్తున్న మనిషికే చెప్పాలి. వింటారన్న ఆశ ఉండాలి. మిస్ ఏమంటారంటే, ప్రొటెస్ట్ రోడ్డు మీద ఒక్కళ్లమే నిలబడి చేయొచ్చు, ఖాళీ గోడ ముందు కూడా చేయొచ్చు. రెమాన్‌స్ట్రేట్ చేయాలంటే మాత్రం ఎదురుగా ఒక మనిషి ఉండాల్సిందే. అందుకే దాని వెనక 'విత్' వస్తుంది, ఫలానా మనిషితో అని. నువ్వు ట్యాంకర్ ఆయనతో చేసింది అచ్చంగా అదే. డాడీ చేసేదాన్ని 'గ్రంబుల్' అంటారు. ఆ వర్బ్ మా క్లాసులో ఎవరికీ రాలేదు. డాడీకి ఇమ్మని మిస్‌ని అడగనా?

నిన్న సాయంత్రం డాడీ మళ్లీ ఫోన్ చేశాడు. ఏం చెప్పలేదు. మూడో ప్రకటన రోజు నీకు ఔటింగ్ ఉందిగా, చర్చిలో లేచి వద్దని చెప్పు, చిన్నపిల్లవి కాబట్టి నిన్ను ఎవరూ ఏమనరు, పైగా ఆ వర్బ్ నీదే కదా అని అసలు అనలేదు. ఈ వయసులో అమ్మ పెళ్లంటే నలుగురూ నవ్వుతారని కూడా అనలేదు. వార్డెన్ మేడం తల ఊపలేదు.

ప్రాజెక్ట్ కోసం ఒకటి అడుగుతున్నా. అలా లేచినవాళ్లను ఏం చేస్తారు? పోలీసులకు చెప్తారా? స్కూల్లో టీసీ ఇచ్చేస్తారా?

ఇది మాత్రం తప్పకుండా చింపెయ్యి,
జాస్మిన్


మేడ్చల్
13 ఆగస్టు

బిడ్డా,

మీ నాయిన ఏం చెప్పలేదని రాసినవ్, గందుకే ఏం జెప్పిండో మొత్తం ఎర్కయింది.

మొదలు చర్చి ముచ్చట విను. మొన్న ఆదివారం మొదటి ప్రకటన. అయ్యగారు నేను చెప్పినట్టే సందు ఇడిసిండు. ఇన్నేండ్లల్ల మన చర్చిల గంత నిశ్శబ్దం ఎన్నడు లేదు. అందరు మీ నాయిన దిక్కు సూసిండ్రు. ఆయన బూటు లేసు కట్టుకునుడు మొదలువెట్టిండు. గప్పుడు ఎనక వరుసల బాలేష్ లేసిండు, గదే, వెల్డింగ్ షాపాయన. "అయ్యగారూ, నా నెత్తి మీది ఫ్యాన్ తిరుగుతలేదు. ఈస్టర్ సంది చెప్తున్న" అన్నడు.

కూసో అంటే అయిపోతుండె, గని అనలే. కమిటీ కూసుంది. ఆటంకం ఉన్నోళ్లు చెప్పాలని అడిగినంక ఏది చెప్పినా ఆటంకమే లెక్క, అది తీరేదాక రెండో ప్రకటన సదువొద్దు అని తీర్మానం జేసిండ్రు. నా పెండ్లికి, బాలేష్ నెత్తి మీది ఫ్యాన్‌కు ఏం సంబంధమని అడిగిన. "సంబంధం లేదని రుజువు లేదు గదమ్మా" అన్నరు. మొగులయ్య నిచ్చెన ఎక్కి ఫ్యాన్ బాగుజేసి దిగిండు. "మన పెండ్లికి ఇంత గాలన్న రానీ" అన్నడు. గట్లాంటి మనిషి.

ఇగ నీ సంగతి. రా. లెవ్వు. నిన్ను ఎవ్వరు ఏమనరు, నేనున్న. నీకు నా పెండ్లి నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, మీ నాయిన తీర్గ బూటు లేసు కట్టుకోకు. నిటారుగ నిలవడు. నేల సూడకు, నన్ను సూడు. మొదలు కారణం జెప్పు, ఎనక ఏడువు. ముందుగాల ఏడిస్తే కారణం వినవడదు. అద్దం ముందట రోజు చెప్పుకో.

నీక్కూడ నా మీద సిగ్గే అయితే, సిగ్గని చెప్పు. అవ్వ ఏమనుకోదు.

అవ్వ


షామీర్‌పేట్
16 ఆగస్టు

అవ్వా,

సిగ్గు కాదు. ఒట్టు. ఏంటో రాయలేను గానీ సిగ్గు మాత్రం కాదు.

నువ్వు చెప్పినట్టే ప్రాక్టీస్ మొదలుపెట్టాను. మెస్‌లో రోజూ సొరకాయే ఎందుకని వార్డెన్ మేడంతో రెమాన్‌స్ట్రేట్ చేద్దామని పోయాను. నిటారుగా నిలబడ్డాను. నేల చూడలేదు. నోరు తెరిస్తే "థాంక్యూ మేడం" అని వచ్చింది. పాపం ఈ పిల్లకు సొరకాయ ఎంత ఇష్టమో అని మేడం ఇంకో గరిటె వేయించింది. ఇప్పుడు రోజూ నాకు ప్రత్యేకంగా తీసి పెడుతున్నారు. ఆ అట్టముక్క చూస్తే నాకే నవ్వొస్తోంది.

ఐలమ్మక్క మా గదిలో దుప్పట్లన్నీ ఉతకడానికి తీసుకుపోయి, నీ ఆకుపచ్చ చీర కూడా సర్ఫ్‌లో నానబెట్టేసింది. మంచి ఉద్దేశంతోనే. ఇప్పుడు అది బట్టల కొట్టు వాసన వస్తోంది. పర్లేదు.

పెళ్లయ్యాక మన మంచం ఉంచుతారా, తీసేస్తారా? గోడ పక్కన ఉండే ఆ పెద్ద మంచం. ఊరికే.

జాస్మిన్


మేడ్చల్
18 ఆగస్టు

బిడ్డా, నవ్వాల్నో ఏడువాల్నో నాకే తెలుస్తలేదు.

బాలేష్ ఫ్యాన్ బాగైందని ఊరంత పాకింది. నిన్న రెండో ప్రకటన. అయ్యగారు సందు ఇడిసుడు ఆలస్యం, గొర్రెలు లేసినట్టు లేసిండ్రు. ఒకాయన చెప్పులు పోతున్నయి అన్నడు. ఒకామె పాటల గుంపుల తనను స్తంభం ఎన్క నిలవెడుతున్నరు అన్నది. నల్లా కారుతాందని ఒకాయన. మన సంఘంల లేని కమలాబాయి గూడ వచ్చింది, చర్చి ఎనక ఇల్లు గదా ఆమెది. బొట్టు పెట్టుకొని, కొంగు నడుముకు చెక్కుకొని నిలవడి, "మీ స్పీకర్ మూతి మా కిటికీల ఉన్నదయ్యా, మీ దేవునికి మా వంటింట్ల ఏం పని?" అని అడిగింది. ఆమెది గూడ ఆటంకమే అని కమిటీ ఒప్పుకున్నది.

వేరే పెండ్లికొడుకులకు ఎన్నో పనులుంటయి, మొగులయ్యకు ఇదే పని. చెప్పుల స్టాండ్ కొట్టిండు, నల్లా బిగిచ్చిండు, స్పీకర్ను బస్టాండ్ దిక్కు తిప్పిండు. కమిటీవాళ్లు ఇగ మర్యాదగ జరగాలని బోర్డు రాయిచ్చిండ్రు: 'అభ్యంతరం ఉన్నవాళ్లు మైకు దగ్గరికి రావాలి.' ఆ మైకు పెట్టెటోడు గూడ మొగులయ్యనే. నీ పెండ్లి జర నిమ్మళంగ జేసుకో ఎలీషమ్మా, చర్చి మస్తు బాగైతుంది అంటున్నరు అందరు. మీ నాయిన మాత్రం ముసిముసి నవ్వుతుండు, ఈ లొల్లిల పెండ్లే ఆగిపోతదని ఆయన ఆశ.

నువ్వొస్తవని తెలుసు. నువ్వు లేస్తే నీకు ఏ వరుసల మంచిగ కనవడ్తనో గా వరుసలనే కూసుంట.

మంచం సంగతి అడిగినవ్. గది ఇగ పనికొచ్చెటట్టు లేదు, సెదలు పట్టింది. అమ్మేస్త.

అవ్వ


షామీర్‌పేట్
20 ఆగస్టు

అవ్వా,

మంచం అప్పుడే అమ్మకు. ఆదివారం దాకా ఆగు. ప్రాజెక్ట్ కోసం.

జాస్మిన్


షామీర్‌పేట్
24 ఆగస్టు, ఆదివారం సాయంత్రం

అవ్వా,

పొద్దున జరిగింది నీకు తెలుసు. కానీ నువ్వు కాసేపటికి తల వంచేశావు, నీకు కనబడనివి రాస్తున్నా. బస్సు దిగి రాగానే గేటు ముయ్యకముందే రాస్తున్నా, లేకపోతే భయం తిరిగొచ్చేస్తుంది.

డాడీ నా పక్కనే కూర్చున్నాడు. అయ్యగారు మూడోసారి "ఆటంకము తెలిసిన యెడల" అనగానే మోచేత్తో పొడిచాడు. "లెవ్వు బిడ్డా, ఇగ నువ్వే దిక్కు" అన్నాడు. నేను బోర్డు చూసుకుంటూ మైకు దగ్గరికి పోయాను. నా ముందు ఒకాయన టీలో చక్కెర తక్కువైందని చెప్పి వెళ్లాడు. నా వంతు వచ్చింది. మైకు నా నుదుటి ఎత్తులో ఉంది. మొగులయ్య తాత వచ్చి స్క్రూ వదులు చేసి దాన్ని నా నోటి దాకా దించాడు. నేనేం చెప్పబోతున్నానో ఆయనకు తెలుసు. డాడీ ఊరంతా చెప్పుకున్నాడుగా. అయినా తాత మైకును తట్టి చూసి, "జర దగ్గరికి జరుగు బిడ్డా, లేకుంటే ఎనకోళ్లకు వినవడదు" అన్నాడు.

నేను "అవ్వతోని మాట్లాడాలె" అన్నాను. అయ్యగారు "సంఘముతో చెప్పు తల్లీ" అన్నారు. "లేదండీ, దీనికి విత్ ఉంటది, ఆ మనిషితోనే చెప్పాలె" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలీదు. అప్పుడే నువ్వు లేచి నిలబడ్డావు.

"అవ్వా, నువ్వు పెండ్లి జేసుకో. గని అలియాబాద్ పోవద్దు. మన ఇంటికి తాళమెయ్యొద్దు. మంచం అమ్మొద్దు. ఆదివారాలు నాయి. నీ పక్కన పండుకోకుంటే నాకు నిద్ర పట్టదు" అన్నాను. కారణం ముందు చెప్పి, తర్వాతే ఏడ్చాను. టెన్త్ చదివే పిల్ల, ఆ నిద్ర సంగతి మైకులో చెప్పింది! స్పీకర్ బస్టాండ్ వైపు తిప్పారని అప్పుడు గుర్తొచ్చింది. మేడ్చల్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్లందరికీ ఇప్పుడు నా రహస్యం తెలుసు.

నువ్వు తల వంచుకుంది అప్పుడే. నేను నిన్ను బాధపెట్టాననుకున్నాను. తర్వాత తల ఎత్తి, "నేను అలియాబాద్ పోతున్ననని నీకు ఎవరు జెప్పిండ్రే?" అన్నావు. చర్చి మొత్తం డాడీ వైపు తిరిగింది. డాడీ పాటల పుస్తకం వెనక నుంచి, "పెండ్లయినంక ఆడోళ్లు పోతరు గదమ్మా మరి" అన్నాడు.

"ఈ వయసుల నన్ను అత్తగారింటికి తోలుతవారా గిడియోన్? ఆయననే మనింటికి వస్తుండు!" అన్నావు నువ్వు. మొగులయ్య తాత మైకులోకి వంగి, "నా సామాన్ల సగం గా ఇంట్లనే ఉన్నది. బాగుజేస్తనని తీసుకపోయి ఆడనే పెట్టిన" అన్నాడు. అందరూ ఎంత నవ్వారో! డాడీ చెప్పినట్టే నలుగురూ నవ్వారు, కానీ ఆయన చెప్పిన రకంగా కాదు.

అయ్యగారు "ఆటంకము తొలగినదా?" అని నన్నడిగారు. తొలగింది అని కూర్చోవచ్చు. కానీ నోరు ఒకసారి తెరుచుకుంటే మూసుకోవడం లేదు. "ఇంకోటి ఉన్నది. గోడ పక్క నాది" అన్నాను. తాత చాలా సీరియస్‌గా, "నాకు గురక ఉంటది బిడ్డా. నా మంచం వరండల" అన్నాడు. అప్పుడు అయ్యగారు గబగబా, ఊపిరి కూడా తీసుకోకుండా, ఇది మూడవ ప్రకటన అనేశారు.

నా గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు తెలీదు. మైకు వల్లనేమో. రేపు పార్వతీదేవి మిస్‌కి చెప్తాను. నిద్ర సంగతి తీసేసి చెప్తాను.

నీ మీద కోపం లేని,
జాస్మిన్


మేడ్చల్
26 ఆగస్టు

నా బంగారు బిడ్డకు,

నువ్వు పోయినంక నీ ఉత్తరాలన్ని మడతలకెల్లి తీసి మల్ల సదివిన. గదులు, తాళం, మంచం. ప్రతిసారి పక్కన 'ఊరికే' అని రాసినవ్. నేను నిజంగనే ఊరికే అనుకున్న. స్టూల్ ఎక్కి ట్యాంకరోనికి మనసుల మాట చెప్పినదాన్ని, నీ మనసుల మాట సదువరాలే నాకు.

మంచం అమ్మిన, నీ ఉత్తరం వచ్చేటాల్లకే అయిపోయింది. సెదలు పట్టిందని నిజమే చెప్పిన. మొగులయ్య కొత్తది జేస్తుండు, ఇంకింత పెద్దది. గోడ కొల్చుకొని పోయిండు. గోడ పక్కకు చిన్న అర గూడ పెడ్తడట, నీ పుస్తకాలకు.

మీ నాయిన నిన్న వచ్చిండు. గుమ్మంల నిలవడి, నిటారుగ, నా మొఖం సూసి, "అమ్మా, నాకు ఒక అభ్యంతరం ఉన్నది" అన్నడు. చెప్పరా కొడకా అన్న. "పెండ్లి కార్డు మీద నా పేరు మరీ చిన్నగ ఏసిండ్రు" అన్నడు. పెద్దగ ఏపిస్తున్న. మొదటిసారి మొఖం మీద చెప్పిండు గదా, ఊకె పోనియ్యొద్దు.

ఐలమ్మ చేతికి ఒక సంచి ఇచ్చిన. అండ్ల నీలిరంగు సీరె ఉన్నది. గది కట్టుకొని వంకాయ కూర వండిన, చర్చి ఊడ్చిన, కుక్కర్ కాడ కూసున్న, మొగులయ్యతోని కొట్లాడిన. ఉతకలే. ఐలమ్మ ఆగేటట్టు లేదు, సర్ఫ్ డబ్బా పట్టుకొని తిరిగే మనిషి. ఆమె సీరె మీద చెయ్యి ఏసేలోపట్నే నిటారుగ నిలవడి, ఉతకొద్దని ఆమెకే చెప్పు.

థాంక్యూ అనకు.

అవ్వ